రాఘవగారి మూలధనం

బళ్ళారి రాఘవగారిపై రాసే విమర్శకులు, ఆయన తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింటిలోనూ నటించడాన్ని దైవదత్తమైన ప్రతిభగా తేల్చేస్తారు. నేను కామర్సు చదివినవాణ్ణి. మూలధనం ఎక్కడిదో చూడందే లాభం లెక్క కట్టను. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోర్టులో ఇంగ్లీషు: మద్రాసు రాజధాని నాటి బళ్ళారి పెట్టిన పెట్టుబడి అది. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆయనకు పోటీగా కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసిందీ ఈ ఊళ్ళోనే.

1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరులో కలిసింది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యం ఉండాలంది. 2014లో సుప్రీంకోర్టు బోధనా మాధ్యమం ఎంపిక తల్లిదండ్రులదేనంది. మనం దేన్ని ఎంచుకున్నామో వేరే చెప్పాలా?

మా అన్నగారి మనవడు ఇంగ్లీషు, కన్నడం చదువుతాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. కన్నడ లిపి వచ్చినవాడికి మన అక్షరాలు ఒక వేసవి సెలవుల పని. ఆ పని నేనూ చెయ్యలేదు. మొన్న రాఘవ కళామందిరం పేరు కన్నడంలో చదివి, "రాఘవ ఎవరు తాతా?" అన్నాడు. చెప్పాను. ఇంకా చదువుకోమని ఇద్దామంటే, నా బీరువాలో ఉన్నవన్నీ తెలుగు పుస్తకాలే.