బూట్ వేళ కార్డులకు చోటు కేటాయించిన ఫైలు

1981లో ఐబీఎం పీసీతో వచ్చి, 1984లో 16 బిట్లకు పెరిగిన ఐసా బస్సు మీద కార్డులు తమ గురించి తాము చెప్పుకోలేకపోయేవి. ఏ కార్డు ఏ ఇంటరప్ట్ లైను, ఏ డీఎంఏ చానెల్, ఏ పోర్టు అడ్రసు వాడుకోవాలో దాని మీది జంపర్లే నిర్ణయించేవి. 1993లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ప్లగ్ అండ్ ప్లే ప్రమాణంతో జంపర్ల అవసరం పోయింది. ఇక కార్డును మేల్కొలిపి, దానికి చోటు కేటాయించే పని సాఫ్ట్‌వేరు మీద పడింది. విండోస్ 95 ఆ పనిని తెర వెనకే చక్కబెట్టేది. లినక్స్ మాత్రం చాలాకాలం దాన్ని ఒక టెక్స్ట్ ఫైలుగా మనిషి చేతిలో పెట్టింది. యంత్రాన్ని నిజంగా తెలుసుకోవడానికి అంతకన్నా మంచి పాఠం అప్పట్లో లేదని నా గట్టి నమ్మకం.

ముందు ఆ మేల్కొలుపు ఎలా జరుగుతుందో చూడాలి. ఐసా స్లాట్లకు విడివిడి అడ్రసులు లేవు. ఏది పంపినా అన్ని కార్డులూ వింటాయి. అలాంటప్పుడు ఒక్క కార్డును వేరుచేయడం ఎలా? మొదట హెక్స్ 279 పోర్టుకు నిర్ణీత వరసలో 32 బైట్లు పంపుతారు. అది ప్రింటరు స్థితిని చదివే పోర్టు. దానికి ఎవరూ ఏమీ రాయరు కనుకనే దాన్ని ఎంచుకున్నారు. ఆ వరస వినగానే కార్డులు మేల్కొంటాయి. ప్రతి కార్డుకూ 72 బిట్ల గుర్తింపు ఉంటుంది: తయారీదారు కోడు, క్రమసంఖ్య, చివర 8 బిట్ల చెక్‌సమ్. ప్రోగ్రాము వాటిని ఒక్కో బిట్టుగా అడుగుతుంది. తన బిట్టు 1 అయిన కార్డు బస్సు మీద హెక్స్ 55, వెంటనే హెక్స్ ఏఏ ఉంచుతుంది. 0 అయిన కార్డు పలక్కుండా వింటుంది. ఇంకెవరో పలికారని తెలిస్తే ఆ విడతకు తప్పుకుంటుంది. 72 బిట్లూ పూర్తయ్యేసరికి మిగిలేది ఒక్క కార్డే. దానికో నంబరు ఇచ్చి, మిగతావాటితో మళ్లీ మొదటినుంచి ఇదే తంతు. పాత బస్సుకు కొత్త తీగ ఒక్కటి కూడా కలపకుండా సాధించిన పని ఇది. చదివిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది.

లినక్స్‌లో దీన్నంతా నడిపించినవి పీటర్ ఫాక్స్ రాసిన ఐసాపీఎన్‌పీ టూల్స్. అందులోని పీఎన్‌పీడంప్ కార్డులన్నింటినీ ప్రశ్నించి, ఒక్కొక్కటి ఒప్పుకునే అమరికలన్నీ ఫైలుగా రాసిస్తుంది. ఎంపికల ముందు హాష్ గుర్తు ఉంటుంది, అంటే అవి ఇంకా అమల్లో లేవన్నమాట. మనిషి ఆ ఫైలు చదివి, తనకు కావలసిన వరసల ముందు హాష్ తీసేయాలి. సౌండ్ బ్లాస్టర్‌కైతే సాధారణంగా పోర్టు 220, ఇంటరప్ట్ 5, డీఎంఏ 1, 5. ఆ కార్డును పనిలోకి దించే వరసకూ హాష్ తీయాల్సిందే. ఆపైన ప్రతి బూట్‌లోనూ ఐసాపీఎన్‌పీ అనే ప్రోగ్రాము ఆ ఫైలును అమలు చేస్తుంది.

ఇక్కడ వరస తప్పితే పని జరగదు. ఈ ప్రోగ్రాము నడిచేది కెర్నెల్ లేచిన తర్వాత. సౌండు డ్రైవరును కెర్నెల్‌లోనే కలిపేస్తే, అది వెతికే సమయానికి కార్డు ఇంకా నిద్రలోనే ఉంటుంది. అందుకే డ్రైవరును మాడ్యూల్‌గా విడిగా ఉంచి, కార్డు మేల్కొన్నాక ఎక్కించేవారు. బూట్ అనేది ఒకదాని మీద ఒకటి ఆధారపడే మెట్ల వరస అని చాలామందికి ఇక్కడే అనుభవంలోకి వచ్చింది.

ఈ పద్ధతి విలువ బాగా తెలిసేది ఏడబ్ల్యూఈ రకం సౌండ్ బ్లాస్టర్ల విషయంలో. వాటి వేవ్‌టేబుల్ చిప్పుకు 620, ఏ20, ఈ20 అనే మూడు పోర్టు అడ్రసులు కావాలి. కార్డు మాత్రం 620 ఒక్కటే అడిగేది! మిగతా రెండు వరసలనూ ఫైలులో చేత్తో చేర్చుకునేవారు. కార్డు తన గురించి చెప్పిన లెక్కలోని లోటును చదివి సరిదిద్దే అవకాశం ఆ ఫైలు ఇచ్చింది. అన్నీ లోలోపలే తేల్చే వ్యవస్థలో ఆ లోటు ఎక్కడుందో మామూలు వాడుకరికి కనబడే దారే లేదు.

2001లో వచ్చిన 2.4 కెర్నెల్ ఈ బాధ్యతను తనే తీసుకుంది. 2003 చివర్లో వచ్చిన 2.6 దాన్ని అన్ని ప్లగ్ అండ్ ప్లే పరికరాలకూ ఉమ్మడి పొరగా మార్చింది. అయినా చేత్తో దిద్దుకునే దారిని మూసేయలేదు. పరికరాల వివరాలను కెర్నెల్ ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఒక్కో ప్లగ్ అండ్ ప్లే పరికరానికి ఆప్షన్స్, రిసోర్సెస్ అనే రెండు ఫైళ్లుంటాయి. పరికరం దేనికి ఒప్పుకుంటుందో మొదటిదాంట్లో, ఇప్పుడు దేన్ని వాడుతోందో రెండోదాంట్లో చదువుకోవచ్చు. పరికరాన్ని ముందు ఆపి, రెండో ఫైలుకు కొత్త అమరిక రాసి, మళ్లీ మేల్కొలపవచ్చు.