హోముల తనిఖీ: లోపలున్నవాళ్ళని అడగని చట్టం

సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివినవాళ్ళకి తనిఖీ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. జీపు వస్తోందని ముందురోజే తెలుస్తుంది. పొద్దున్నే వరండాకి సున్నం, నీళ్ళతొట్టికి బ్లీచింగు, బీరువాలోంచి కొత్త దుప్పట్లు. ఆ పూట పప్పులో పప్పుంటుంది, గుడ్డు తలా ఒకటి వస్తుంది. మేం చదివిన ఒక హాస్టల్లో ఏడో తరగతి పిల్లవాడొకడు లేచి ‘ఇయ్యాలే పెట్టారండి’ అన్నాడు. అధికారి నవ్వి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. జీపు దుమ్ము అణగకముందే ఆ పిల్లాడి వీపు వాచింది. దుప్పట్లు బీరువాలోకి పోయాయి. ఆ తర్వాత ఏ తనిఖీలోనూ మాలో ఎవరమూ నోరు విప్పలేదు. కాగితాల మీద అది మంచి హాస్టలే.

ఆ పిల్లాడికి కనీసం మాట ఉంది. పదేళ్ళయితే బయటపడతాం అన్న ఆశ మా అందరికీ ఉంది. మాట సరిగ్గా రానివాళ్ళూ, లోపలికి పోతే చచ్చేదాకా అక్కడే ఉండేవాళ్ళూ అయితే తనిఖీ ఎట్లా చెయ్యాలి? మేధో వైకల్యమున్న పెద్దవాళ్ళని ఉంచే హోముల గురించి మేం అడుగుతున్నది ఇదే.

ఊరు వీళ్ళని ఎడ్డోడు, తిక్కది అంటుంది. 1995 చట్టం మెంటల్ రిటార్డేషన్ అంది, 2016 చట్టం మేధో వైకల్యం అంటోంది. కులం పేరునే తిట్టుగా విని పెరిగిన మనకి పేరు మారితే చూపు మారదని తెలుసు. ఇంకోటి కూడా తెలియాలి. వాళ్ళ పుట్టుకకీ మన పుట్టుకకీ ఈ దేశం ఒకే కారణం చెప్పింది: పూర్వజన్మ కర్మ. కర్మ అన్నాక హక్కు ఉండదు, దయ ఉంటుంది. అందుకే ఈ హోముల్లో ‘సేవ’ అన్న మాట అంత గట్టిగా వినపడుతుంది. దాత పుట్టినరోజున భోజనం, గోడ మీద దాత పేరు. దయతో పెట్టినదాన్ని తనిఖీ చేస్తామంటే దాతకి అవమానం.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో సంస్థల రిజిస్ట్రేషన్‌కి తొమ్మిదో అధ్యాయం ఉంది. సర్టిఫికెట్ లేకుండా హోమ్ నడపకూడదని 50వ సెక్షన్, రాష్ట్రం నిర్ణయించిన సౌకర్యాలూ ప్రమాణాలూ ఉంటేనే సర్టిఫికెట్ ఇవ్వాలని 51, తప్పుచేస్తే రద్దు చెయ్యొచ్చని 52. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత 54వ సెక్షన్ వస్తుంది. కేంద్రమో రాష్ట్రమో పెట్టి నడిపే సంస్థలకి ఈ అధ్యాయం వర్తించదట! 1995 చట్టంలోనూ ఇదే మాట ఉంది, ఇరవై ఏళ్ళ తర్వాత రాసినవాళ్ళు దాన్ని తీసెయ్యలేదు. మొదటి చట్టానికి ముందూ, రెండు చట్టాలమధ్యా జరిగినవి చూడండి. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ హోమ్‌లో ఉన్న ఆడవాళ్ళకి, నెలసరి శుభ్రంగా చూసుకోలేరన్న సాకుతో, పుణె ఆస్పత్రిలో గర్భసంచులు తీసేశారు. 2009లో చండీగఢ్ సంస్థలో ఉన్న యువతిపై అత్యాచారం జరిగి గర్భం వచ్చింది. ఈ రెండూ ప్రభుత్వం నడిపినవే. రెండో చట్టం వచ్చాక, 2024 జులైలో, ఢిల్లీ ఆశాకిరణ్‌లో ఒక్క నెలలోనే 14 మంది చనిపోయారు. అదీ ప్రభుత్వానిదే. సర్టిఫికెట్ అక్కర్లేని చోటే శవాలు లేచాయి.

చండీగఢ్ కేసులో ఒక సంగతి మనం ఎత్తిపట్టుకోవాలి. గర్భం తీసెయ్యమని హైకోర్టు చెప్పింది. ఆ అమ్మాయి బిడ్డని కంటానంది. సుప్రీంకోర్టు ఆమె మాటకే విలువిచ్చింది, ఆమె ఒప్పుకోకుండా తియ్యకూడదంది. మేధో వైకల్యమున్న మనిషిని అడగొచ్చు, ఆమె చెప్పింది లెక్కలోకి తీసుకోవచ్చు అని దేశంలో పెద్ద కోర్టే ఒప్పుకుంది. మరి తనిఖీకి వచ్చిన అధికారి ఎందుకు అడగడు?

2025 సెప్టెంబరు 12న అదే కోర్టు, ఆశాకిరణ్ మీద ఎప్పుడో మొదలైన కేసులో, ఇట్లాంటి సంస్థలని దేశమంతా పరిశీలించమని ఎనిమిది జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకి అప్పగించింది. మంచిదే, జీపు దిగే అధికారికన్నా పరిశోధకుడు నయం. పరిశోధకులం గనక మా మీద మాకున్న అనుమానం కూడా చెప్పాలి. ప్రశ్నపత్రం పట్టుకుని వచ్చేవాడికి గదులు, మంచాలు, మరుగుదొడ్లు లెక్కపెట్టడం తేలిక. ఇంగ్లండులో లెక్కకి తక్కువేం లేదు. అయినా బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆస్పత్రిలో రోగుల్ని కొడుతున్నారని ఒక నర్సు తనిఖీ సంస్థకి చెప్పినా అది పట్టించుకోలేదు. 2011లో బీబీసీ దొంగచాటు కెమెరా పెడితేగాని నిజం బయటపడలేదు. పదకొండుమంది ఉద్యోగులకి శిక్ష పడింది. ఆ తనిఖీ బృందాల్లో వైకల్యమున్నవాళ్ళని కూడా వెంట తీసుకెళ్ళే పద్ధతి అక్కడ ఉంది. మనం నేర్చుకోవాల్సింది ఆ పద్ధతి.

మేమైతే ఏం చూస్తాం? చెప్పకుండా పోతాం, రాత్రి పోతాం. నలభైమందికి రాత్రి ఎంతమంది ఆయాలున్నారో చూస్తాం. ఉతికిన బట్టలు ఒకే కుప్పగా ఉన్నాయా, ఎవరి చొక్కా వాళ్ళకుందా? హాస్టల్లో మన పేరు రాసుకున్న పెట్టె ఒక్కటే మనదిగా ఉండేది, అది లేకపోతే మనిషి ఏమవుతాడో మనకి తెలుసు. మరుగుదొడ్డికి లోపలి గడియ ఉందా? నిద్రమందు ఎవరు రాశారు, ఎందుకు రాశారు? పోయినేటి బరువెంత, ఇప్పుడెంత? పక్కనున్నవాడు చెయ్యెత్తితే ఈ మనిషి ముడుచుకుపోతున్నాడా? కవర్లు అంటించి, కొవ్వొత్తులు పోసి సంపాదించిన డబ్బు వాళ్ళకి చేరుతోందా? ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైనుంచి వికలాంగుల పింఛను నెలకి 6,000 అయింది. అది ఎవరి చేతికి పోతోంది? (పింఛనుదార్ల సర్టిఫికెట్లు నిజమైనవా కాదా అని 2025లో ఇంటింటికీ డాక్టర్లని పంపగలిగిన ప్రభుత్వం, ఈ ప్రశ్నలకి మనుషుల్ని పంపలేదంటే నమ్మగలమా?)

ఇంకోటి ఆయా సంగతి. పెద్దమనిషి మలమూత్రాలు ఎత్తే పని ఈ సమాజం ఎవరికి రాసిపెట్టింది? కమిటీలో దాతలూ ట్రస్టీలూ ఉంటారు, గిన్నె పట్టుకునేది మన పల్లె ఆడమనిషి. ఆమెకి శిక్షణ ఉండదు, పైన అరవడానికి సూపర్‌వైజరు ఉంటాడు. లోపలున్న మనిషిని కొట్టారన్న కేసులో మొదట దొరికేదీ ఆమే. ఆమెని వెనకేసుకురావాలని మేం అనడం లేదు. ఎంత జీతానికి ఎంతమందిని చూస్తోందో తనిఖీ కాగితంలో రాయకుండా ఆమె ఒక్కదాని పేరే రాయడం మోసం అంటున్నాం. తొమ్మిదో అధ్యాయంలో కులం అన్న మాటే లేదు. 2011 జనగణనలో మొత్తం జనాభాలో వికలాంగులు 2.21 శాతమైతే, షెడ్యూల్డు కులాల్లో 2.45 శాతం. ఇది మన పల్లెల సమస్య. అయినా మన సభల్లోనూ దీన్ని పెద్దగా ఎత్తలేదు, ఆ తప్పు మనదే.

ఇది తిరువూరు నుంచి రాస్తున్నాం. ఎస్సీలకి రిజర్వయిన నియోజకవర్గం, చుట్టూ మామిడితోటలు. తోటకి కూలికి పోయే తల్లి ముప్పయ్యేళ్ళ కొడుకుని లోపలపెట్టి బయట గొళ్ళెం వేసి పోతుంది. ఆ గొళ్ళెం చూసి తప్పని చెప్పడం తేలిక. నా తర్వాత వీడెవరికి అన్న భయంతో ఆమె ఏ హోమ్ దొరికినా చాలనుకుంటుంది. దొరికాక ఏం జరిగినా ఫిర్యాదు చెయ్యదు, ఎందుకంటే తీసుకుపొమ్మంటే ఎక్కడికి తీసుకుపోతుంది? ఇట్లాంటి తల్లుల మౌనాన్నే హోముల వాళ్ళు మంచి రికార్డుగా చూపిస్తారు.

ఇందుకు 2016 చట్టంలోనే ఒక దారి ఉంది, ఏడో సెక్షన్. వికలాంగుల మీద హింస, దోపిడీ జరిగిందనో, జరుగుతోందనో, జరగబోతోందనో నమ్మితే ఎవరైనా, రిజిస్టరయిన ఏ సంస్థయినా స్థానిక ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి తెలియజెయ్యొచ్చు. ఆయన ఆపే ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఆ మనిషిని బయటికి తెప్పించొచ్చు, పోషణ ఇప్పించొచ్చు. ఇది తొమ్మిదో అధ్యాయంలో లేదు గనక ప్రభుత్వ హోముకి మినహాయింపు దొరకదు. ఈ పనికి జిల్లా కేంద్రం దాకా పోనక్కర్లేదు. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు తిరువూరు రెవెన్యూ డివిజన్ అయింది, ఆర్డీవో ఆఫీసు ఇక్కడే ఉంది. అర్జీ మీద తల్లి పేరు రాయక్కర్లేదు, సంఘం పేరు రాయొచ్చు. మన సంఘాల్లో చాలావాటికి రిజిస్ట్రేషన్ నంబరుంది.