నిమ్మ మానుకు సున్నం పూత

శంకర్‌పల్లి మండలం కొండకల్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల వైపు వెళ్తుంటే ఎర్ర చెలకల మధ్య ఫాంహౌస్ ప్రహరీలు వరసగా కనిపిస్తాయి. లోపల మరేది ఉన్నా లేకున్నా రెండు నిమ్మ మొక్కలు మాత్రం ఉంటాయి. నర్సరీ నీడలో పెరిగిన అంటును నడివేసవిలో తెచ్చి, అదే రోజు బోరు పక్కన బయలు ఎండలో నాటేస్తారు. వారం పది రోజుల్లో ఆకు పాలిపోతుంది, అంచులు మాడతాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకో రెండు బిందెలు పోస్తారు. పాపం, ఆ మొక్కకు కావలసింది నీళ్లు కావు, ఎండకు అలవాటు పడేంత వ్యవధి.

మన ఎండ మామూలుది కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిలువు కర్రకు నీడ పడదు. కిరణాలు గాలిపొరను ఏటవాలుగా దాటే పని లేనందువల్ల అతినీలలోహిత కాంతి బాగా దిగుతుంది. అందులో 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీ-బిని ఓజోన్ పొర చాలావరకు ఆపుతుంది. ఆపగా మిగిలింది కూడా ఆకు కణాల్లోని డీఎన్‌ఏను గాయపరచడానికి చాలు.

మనం చెట్టు కిందికి పోతాం. చెట్టు ఎక్కడికి పోతుంది? అందుకే అది తన గొడుగు తనే నేసుకుంటుంది. మొక్కల కణాల్లో యూవీఆర్8 అనే ప్రోటీన్ జంటగా ఉంటుంది. యూవీ-బి సోకగానే ఆ జంట విడిపోయి, రక్షణ పదార్థాలు తయారుచేసే జన్యువులను మేల్కొలుపుతుంది. మొక్కకు యూవీ-బిని పసిగట్టే కన్ను ఇదేనని 2011లో తేలింది. అప్పుడు ఆకు పైపొరలో ఫ్లేవనాయిడ్లు పేరుకుంటాయి. అవి అతినీలలోహితాన్ని పీల్చుకుని, ఆహారం వండుకోవడానికి కావలసిన వెలుగును మాత్రం లోపలికి వదులుతాయి. ఇంత నేర్పున్న జల్లెడను మనిషి చేయగలడా అనిపిస్తుంది నాకు. నిమ్మ జాతికి ఈ సంపద మెండు. బత్తాయిలో హెస్పెరిడిన్, పంపరపనసలో చేదుకు కారణమైన నారింజిన్ ఫ్లేవనాయిడ్ల కుటుంబానివే. రెండో పేరులో మన నారింజ వినబడుతూనే ఉంది. గొడుగును దాటి దెబ్బ తగిలితే, ఫోటోలయేజ్ అనే ఎంజైము వెలుతురునే శక్తిగా వాడుకుని డీఎన్‌ఏను మరమ్మతు చేస్తుంది.

అయితే ఈ గొడుగు ఒక్క రోజులో తయారు కాదు. కిరణం సోకితేనే అల్లిక మొదలవుతుంది. షేడ్‌నెట్ కింద, పాలీహౌస్ షీటు కింద పెరిగిన ఆకుకు ఆ పిలుపు సరిగా అందదు. పాత తోటమాలులకు యూవీ పేరు తెలియకపోయినా పద్ధతి తెలుసు. అంటు మీద తాటాకు పందిరి వేసేవారు. రోజులు గడిచేకొద్దీ ఆకులు ఒక్కొక్కటే తీసి నీడ పలచన చేసేవారు. నాటాక పడమటి వైపు కంప గుచ్చేవారు. పొద్దుటి నీరెండ తగలనిచ్చి, పడమటెండను మాత్రం ఆపడం అందులోని కిటుకు.

మాను సంగతి వేరు. నిమ్మ బెరడు పలచన. గుబురు కొమ్మలే దానికి నీడ. చూడటానికి బాగుండాలనో, దున్నడానికి వీలుగా ఉండాలనో కింది కొమ్మలన్నీ నరికేస్తే, నైరుతి వైపు బెరడు కాగి పగులుతుంది. ఆ పగులులోంచే తెగులూ పురుగూ దూరతాయి. దీనికి విరుగుడు సున్నం. కాల్చిన సున్నపురాయిని కుండలో నీళ్లు పోసి విరిచి, వేడి పూర్తిగా చల్లారాక, గుడ్డలో వడగట్టి, మొదలు నుంచి మొదటి కొమ్మల దాకా పూయాలి. పట్టు కోసం కాస్త గంజి కలుపుకోవచ్చు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. అది ఆపేది ముఖ్యంగా వేడిని, దాంతోపాటు కొంత అతినీలలోహితాన్ని కూడా. బంక కారే తోటల్లో ఒట్టి సున్నం చాలదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో చేసే బోర్డో పేస్టు కావాలి. మైలుతుత్తం నీళ్లకు ఇనుప పాత్ర పనికిరాదు, ప్లాస్టిక్ బకెట్టే వాడాలి.

ఆకులకు మాత్రం సున్నం వద్దు. వాటి పని అవి చేసుకుంటాయి.

కాయ తొక్క కూడా అంతే. దాని నూనె తిత్తుల్లోని బెర్గాప్టెన్ లాంటి పదార్థాలు అతినీలలోహితాన్ని పీలుస్తాయి. నిమ్మకాయలు పిండిన చేతులతో ఎండలోకి పోతే చర్మం కమిలి నల్లమచ్చలు పడేది వాటివల్లే. పిల్లలతో షర్బత్ చేయించినప్పుడు చేతులు సబ్బుతో కడిగించి బయటికి పంపండి. చెట్టు ఎండ నుంచి కాచుకోవడానికి దాచుకున్న ఫ్లేవనాయిడ్లనే మనం నిమ్మకాయ ఊరగాయలో తొక్కతో సహా తింటున్నాం.

మీ పెరట్లో నిమ్మ ఉంటే ఈసారి శివరాత్రి లోపే మానుకు సున్నం పూయండి. నైరుతి వైపు కింది కొమ్మ మీద కత్తి పెట్టకండి. కొత్త అంటు తేవాలంటే తొలకరి దాకా ఆగండి.