590 కలిపితే సరిపోదు

పాత భూమి కాగితం చేతికి రాగానే చాలామంది ముందుగా చేసే పని, అందులోని ఫసలీ అంకెకు 590 కలపడం. తెలంగాణ భూమిశిస్తు చట్టం 1317 ఫసలీ నాటిది, అంటే 1907 అని రెవెన్యూ ఆఫీసుల్లో ఎవరినడిగినా చెబుతారు. స్థానిక చరిత్ర కోసం ఏళ్లుగా ఇలాంటి కాగితాలు చదువుతున్నాను. కూడిక మొదలుపెట్టే ముందు నేను చూసేవి రెండు: ఆ కాగితం ఎవరి ఏలుబడిలో రాశారు, ఏ నెలలో రాశారు.

అసలీ 590 ఎక్కడి నుంచి వచ్చింది? హిజ్రీ ఏడాది చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, దానికి 354 రోజులు. పంటకు చంద్రుడితో పనిలేదు, ఎండా వానా చూసుకుని పండుతుంది. శిస్తు హిజ్రీ లెక్కన వసూలు చేస్తే రైతు దాదాపు 32 పంటలకు 33 శిస్తులు కట్టాలి. ఈ అన్యాయం తప్పించడానికి అక్బరు కాలంలో పుట్టిన లెక్క ఫసలీ. దక్కనులో దాన్ని షాజహాన్ 1636లో ప్రవేశపెట్టాడు. అప్పుడు హిజ్రీ 1046 నడుస్తోంది. ఆ అంకెను అలాగే ఉంచి, అక్కడి నుంచి సూర్యుడి లెక్కన నడిపించారు. 1636లోంచి 1046 తీసేస్తే మిగిలేదే మన 590.

2024 జూలైలో ఫసలీ 1434 మొదలైంది. అదే నెలలో హిజ్రీ 1446లోకి అడుగుపెట్టింది. ఒకే అంకెతో బయల్దేరిన రెండింటి మధ్య 388 ఏళ్లలో 12 ఏళ్ల ఎడం వచ్చింది. ఫసలీ రాకపోయి ఉంటే దక్కను రైతుల మీద అదనంగా పడాల్సినవి ఆ 12 శిస్తులే. కాలమానం మార్పు సాగుచేసేవాడికి ఇంత సూటిగా మేలు చేసిన సందర్భం నాకు ఇంకొకటి తెలియదు. అందుకే ఫసలీ అంటే నాకు గౌరవం.

చిక్కంతా ఏడాది ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గర ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1855 నుంచి ఫసలీ జూలై 1న మొదలయ్యేది. ఆంధ్రలో అడంగళ్లకూ జమాబందీకీ నేటికీ అదే లెక్క. నిజాం రాజ్యంలో మాత్రం ఆజుర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలు. 1922 ఆగస్టు 20నే తీసుకోండి. కృష్ణకు ఈవల గుంటూరు జిల్లా కరణం లెక్కలో అది 1332 ఫసలీ. ఆవల నల్లగొండ జిల్లా పట్వారీ లెక్కలో ఇంకా 1331. ఇద్దరిదీ తప్పు కాదు. పంచాంగం తెరిస్తే ఇద్దరికీ దుందుభి నామ సంవత్సరమే! పైగా జనవరి వచ్చాక ఏ గట్టునైనా కలపాల్సింది 590 కాదు, 591. నల్లగొండ కాగితంలోని 1331 ఆగస్టుకు 590 కలిపితే వచ్చేది 1921 ఆగస్టు. ఏడాది తేడా.

నెలలతో ఇంకో ఇబ్బంది ఉంది. హైదరాబాదు ఫసలీ నెలలకు పారశీక పేర్లు: ఆజుర్, దై, బహమన్, ఇస్ఫందార్, అలా మెహర్, ఆబాన్ దాకా. ఇరాన్‌లో ఇప్పటికీ ఈ పేర్లే వాడతారు కాబట్టి కొందరు ఇంటర్నెట్‌లోని ఇరానీ క్యాలెండర్ తెరిచి తేదీ తేల్చేస్తున్నారు. ఇరాన్‌లో మెహర్ నెల సెప్టెంబరు 23 ప్రాంతంలో మొదలవుతుంది. మన నిజాం కాగితాల్లో మెహర్ వచ్చేది ఆగస్టులో.

1948 తరవాత హైదరాబాదు ఇంగ్లీషు క్యాలెండరులోకి వచ్చింది. 1954-55 ఖాస్రా పహాణీ నాటికి రికార్డు పేరులోనే ఇంగ్లీషు సంవత్సరం కనబడుతుంది. అయినా పాత లెక్క ఒక్కసారిగా వదిలిపోలేదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు ఎవరో చెప్పడానికి పెట్టిన గడువుల్లో ఒకటి, 1342 నుంచి 1352 ఫసలీ లోపల కనీసం 6 ఏళ్లు భూమి దున్ని ఉండాలన్నది. 1352 ఫసలీ ముగిసేది 1943 అక్టోబరులో. మద్రాసు లెక్క పట్టుకుని జూన్‌లోనే ముగిసిందంటే, ఆ ఏడు వానాకాలమంతా దున్నినవాడి లెక్కలోంచి మూడు నెలలు జారిపోతాయి. పేదవాడి సాగు హక్కు ఆ కాగితం మీదే ఆధారపడినప్పుడు మూడు నెలలు చిన్న సంగతి కాదు.

ఇప్పుడు పాత రికార్డులను కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్నారు. మంచి పని, జరగాల్సిన పని. నన్ను కలవరపెట్టేదల్లా, మార్చిన ఇంగ్లీషు తేదీ ఒక్కటే ఎక్కించి అసలు తేదీని వదిలేయడం. మార్చినవాడు పొరపడితే దిద్దడానికి తరవాతివాడి చేతిలో ఏమీ ఉండదు. అందుకే నా నోట్సులో ముందు కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాస్తాను: రోజు, నెల, ఫసలీ, పక్కన ‘హైదరాబాదు’ అనో ‘మద్రాసు’ అనో. తెలుగు సంవత్సరం పేరుంటే అదీ ఎత్తి రాసుకుంటాను. 60 ఏళ్లకోసారి తిరిగొచ్చే ఆ పేరు ఫసలీతో కలవకపోతే ఎక్కడో తేడా ఉందని అప్పుడే తెలిసిపోతుంది. ఇంగ్లీషు తేదీ కట్టేది ఇవన్నీ రాశాకే.

మీ ఇంట్లో తాతల నాటి పట్టానో కౌలునామానో ఉంటే, తేదీ లెక్కకట్టే ముందు స్టాంపు కాగితం మీద ఏ సర్కారు ముద్ర ఉందో చూడండి.