సెల్ఫ్ కొడుతోంది, స్టార్ట్ కావట్లేదు

అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు దాచేపల్లి మీదుగా పోతుంది. సిమెంటు లారీలు, పిడుగురాళ్ల సున్నం లోడ్లు, సీజన్లో గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు. వీటికి తోడు చుట్టుపక్కల ఊళ్ల ట్రాక్టర్లు, డీజిల్ ఆటోలు. రోడ్డు పక్క షెడ్లలో కాసేపు కూర్చుంటే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: "సెల్ఫ్ కొడుతోందన్నా, స్టార్ట్ కావట్లా."

మెకానిక్ పనితనం ఈ ఒక్క ఫిర్యాదు దగ్గరే తేలుతుందని నా నమ్మకం. సెల్ఫే తిరగకపోతే వెతకాల్సిన చోట్లు తక్కువ. బ్యాటరీ, కేబులు, సెల్ఫ్ మోటారు, అంతే. ఇంజను శుభ్రంగా తిరుగుతూ కూడా అంటుకోనప్పుడు మాత్రం చేతికంటే ముందు బుర్ర కదలాలి. షెడ్ల దగ్గర కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. అక్కడ నేను చూసిన మంచి మేస్త్రీలందరిలో ఒక పోలిక ఉంది. వాళ్లు ముందు పానా పట్టుకోరు, డ్రైవర్ని సెల్ఫ్ కొట్టడం ఆపమంటారు. కంగారులో అదేపనిగా కొడితే బ్యాటరీ పడిపోతుంది, సెల్ఫ్ మోటారు వేడెక్కి వైండింగ్ కాలుతుంది. ఆ తర్వాత ఏ పరీక్ష చేయాలన్నా ఇంజన్ని తిప్పే దిక్కుండదు.

తర్వాత ఒక ప్రశ్న. "నువ్వు ఆపావా బాబాయ్, అదే ఆగిందా?"

సగం రోగం ఈ జవాబులోనే ఉంటుంది. రాత్రి బాగానే ఆపిన బండి పొద్దున్నే స్టార్ట్ కాలేదంటే, నిలబడి ఉన్నప్పుడు ఎక్కడో పైపులోకి గాలి దూరి డీజిల్ వెనక్కి జారిపోయి ఉండొచ్చు. నడుస్తూ నడుస్తూ తాళం తీసినట్టు టక్కున ఆగిపోతే, పంపు మీదున్న స్టాప్ సోలెనాయిడ్ వైరు ఊడిందేమో చూడాలి. అలా కాక ఇంజను రేజు పెరుగుతూ తగ్గుతూ, లాగలేక లాగలేక ఆగిందా? అయితే డీజిల్ చాలినంత అందడం లేదు. ఏమీ విప్పకుండానే వెతికే జాగా మూడో వంతుకు తగ్గింది.

డీజిల్ ఇంజన్లో ఇంధనాన్ని అంటించే స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని సిలిండర్లో పదహారు నుంచి ఇరవై రెట్లదాకా కుక్కితే అది అయిదు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ని పొగమంచులా చిమ్మగానే దానంతటదే భగ్గుమంటుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించింది ఈ సూత్రాన్నే. కాబట్టి కావాల్సింది తగినంత వేగంగా తిరగడం, కంప్రెషన్, గాలి, సరైన క్షణంలో డీజిల్. చలిదేశాల పుస్తకాలు ముందు హీటర్ ప్లగ్గులు చూడమంటాయి. వేసవి ఎండకు పేరుపడ్డ రెంటచింతల మా పక్కనే ఉంది. ఇక్కడి లారీకీ ట్రాక్టరుకూ ఆ అనుమానం చివరాఖరున రావాలి, చాలావాటికి అసలా ప్లగ్గులే ఉండవు. ఏ అనుమానం ముందు, ఏది వెనక అన్నది ఊరిని బట్టి కూడా మారుతుంది.

ఇప్పుడు ఒక్కసారి సెల్ఫ్ కొట్టించి సైలెన్సర్ వైపు చూడాలి. పొగ అసలు రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు. తెల్లపొగ ఘాటుగా వస్తే డీజిల్ చేరింది, కాలడం లేదు. అంటే కంప్రెషన్ పడిపోవడమో, టైమింగ్ తప్పడమో, డీజిల్లో నీళ్లు కలవడమో. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు. సున్నం బట్టీల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడటం రెండు నిమిషాల పని. పొగ చూడకుండా ఫిల్టర్ మార్చేవాణ్ని నేను మెకానిక్ అనను.

మా వైపు ఎక్కువగా కనపడేది పొగ రాని కేసు. దానికి ఈ రోడ్డు ప్రత్యేకత కూడా కొంత కారణం. కొన్నేళ్లుగా ఆంధ్రలో కంటే తెలంగాణలో డీజిల్ కాస్త చౌక. పొందుగల దగ్గర కృష్ణ దాటితే వాడపల్లి, అక్కడ కొట్టించుకుందామని ట్యాంకు అడుగు దాకా లాక్కొచ్చే డ్రైవర్లున్నారు. లీటరు మీద మిగిలే డబ్బు వాళ్లకు నిజంగా అవసరమే, తప్పు పట్టను. అయితే అడుగుకు వచ్చేసరికి పైపు మడ్డినీ నీళ్లనీ పీలుస్తుంది, కాస్త వాలులో బండి వాలితే గాలినీ పీలుస్తుంది. ఒకసారి గాలి పట్టిందంటే ట్యాంకు నిండా డీజిల్ పోసినా పాతరకం ఇంజను స్టార్ట్ కాదు. పంపు డీజిల్‌ని నెట్టగలదు కానీ గాలి బుడగ నలిగి ఊరుకుంటుంది. నాజిల్ తెరుచుకునే ప్రెషర్ రాదు.

ఎయిర్ తీయడం చూడటానికి చిన్న పని. డీజిల్ ఫిల్టర్ మీద బ్లీడ్ స్క్రూ అరచుట్టు లూజు చేయాలి. హ్యాండ్ ప్రైమర్ కొడుతుంటే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత ధార. ధార కారుతుండగానే స్క్రూ బిగించాలి, ఆగాక బిగిస్తే మళ్లీ గాలి పోతుంది. తర్వాత పంపు దగ్గర అదే పని. చివరికి నాజిళ్ల దగ్గర నట్లు లూజు చేసి, సెల్ఫ్ తిప్పుతూ డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటీ బిగించుకుంటూ రావాలి. ఇంతా చేసి బండి పంపించేస్తే పని సగమే అయినట్టు. గాలి ఎక్కడ దూరిందో పట్టుకోవాలి. పగిలిన రబ్బరు పైపు, అరిగిన బంజో వాషరు, ఎలుక కొరికిన రిటర్న్ లైను. డీజిల్ బయటికి కారని సందులోంచి కూడా గాలి లోపలికి పోతుంది, కళ్లకు కనపడదు. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే తంతు. మూత తీయగానే హుస్సుమని శబ్దం వస్తే దొంగ దొరికినట్టే.

ట్రాక్టరుకైతే వీటన్నిటికంటే ముందు చూడాల్సింది స్టాప్ నాబ్. ఎవరో లాగి వదిలేసి ఉంటారు, లేదా తీగ తుప్పుపట్టి పూర్తిగా లోపలికి వెళ్లదు. దానికి పంపు విప్పిన వాళ్లున్నారు.

చెవి కూడా పనిముట్టే. చేత్తో తిప్పి నడిపే ఆయిల్ ఇంజన్ల కాలంలో రైతులు హ్యాండిల్ తిప్పుతూ నాజిల్ కిర్రుమని కూస్తోందా అని వినేవాళ్లు. కూస్తే డీజిల్ వస్తున్నట్టు, అప్పుడే డీకంప్రెషన్ లివరు వదిలేవాళ్లు. సెల్ఫ్ శబ్దమూ అంతే మాట్లాడుతుంది. ఈడ్చుకుంటూ తిరిగితే కుక్కిన గాలి వేడి గోడలకు పోతుంది, డీజిల్ అంటుకోదు, బ్యాటరీ సంగతి చూడాలి. టైమింగ్ బెల్టున్న కారు ఎప్పటికంటే తేలిగ్గా గిరగిరా తిరిగితే బెల్టు తెగి ఉండొచ్చు. అప్పుడు మరొక్కసారి కూడా సెల్ఫ్ కొట్టకూడదు, వాల్వులు వంగిపోతాయి.

నాకు కోపం తెప్పించే పద్ధతులు రెండున్నాయి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు తడిపిన గుడ్డ పెట్టి స్టార్ట్ చేయడం ఒకటి. వేళకాని వేళ అంటుకున్న పెట్రోలు పిస్టన్‌ను, రాడ్డును పాడు చేస్తుంది, మనిషి మొహం కూడా కాలుతుంది. రెండోది వరసబెట్టి సామాన్లు మార్చడం. ఫిల్టరైంది, ఫీడ్ పంపైంది, ఇక మెయిన్ పంపు విప్పుదామంటారు. దొరక్కపోయినా బిల్లు మాత్రం డ్రైవరుదే. దుమ్ములో పంపు విప్పితే బాగున్న ప్లంజర్‌కు కూడా గీత పడుతుంది. అడగకుండా, చూడకుండా, వినకుండా విప్పడం ఆ డ్రైవరు పొట్ట కొట్టడమేనని నేననుకుంటాను.

కామన్ రైల్ ఇంజన్లు వచ్చాక పాత విద్య పనికిరాదంటున్నారు కొందరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లకు స్కానర్ కావాలి, నిజమే. నాజిల్ నట్టు లూజు చేసే పని వీటి దగ్గర ఎంతమాత్రం చేయకూడదు. రైలులో, అంటే అన్ని నాజిళ్లకూ డీజిల్ అందించే గొట్టంలో, ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది, సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. వేలు తీసేయాల్సి రావచ్చు. కానీ ప్రశ్నలు పాతవే. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు చాలా బండ్లలో కాస్త కదులుతుంది. అలా కదిలే బండిలో ముల్లు చచ్చినట్టు పడుంటే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పడాలి. స్కానర్లో రైలు ప్రెషర్ సుమారు రెండు వందల బార్లకు కూడా ఎక్కకపోతే, ఎక్కడో డీజిల్ వెనక్కి పోతోంది. నాజిల్ పైనుంచి వచ్చే సన్నటి రిటర్న్ పైపుల్లో ప్రెషర్ తక్కువ. వాటిని తీసి నాలుగు ఖాళీ నీళ్ల సీసాల్లో పెట్టి, సెల్ఫ్ తిప్పి చూస్తున్నారు మా కుర్ర మెకానిక్కులు. మిగతా వాటికంటే ఏ సీసా త్వరగా నిండితే దాని నాజిలే డీజిల్ వదిలేస్తోంది. మిగిలిన మూడింటినీ కదపనక్కర్లేదు, ఆ ఒక్కదాన్ని విప్పి గుంటూరు పంపిస్తే సరిపోతుంది.