రక్తహీనత: పేరొకటి, కారణములు పెక్కు

నేరేడ్‌మెట్‌లోగాని, మరెక్కడగాని, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల విద్యార్థులకు వారమునకొక నీలి మాత్ర ఇచ్చుట జాతీయ కార్యక్రమములో ఒక భాగము. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. ఇది యెందుకని అడిగిన విద్యార్థికి సాధారణముగా లభించు జవాబు ఒక్కటే: "రక్తము తక్కువైనది, ఇనుము కావలెను." ఈ జవాబు తప్పు కాదు, కాని సగము జవాబు మాత్రమే. మిగిలిన సగమును విడిచిపెట్టుటవలన కలుగు నష్టమును ఉపాధ్యాయులు గమనింపవలసి యున్నది.

మొదటి చిక్కు పేరులోనే ఉన్నది. 'రక్తహీనత' అనగానే శరీరములో రక్తమే తరిగిపోయినదని తోచును. సాధారణముగా తగ్గినది రక్తపు పరిమాణము కాదు. ఎర్ర కణములలో నుండి ప్రాణవాయువును మోయు హెమోగ్లోబిన్. ఎర్రగా నున్నదేదైనను రక్తము పట్టించునను నమ్మకము కూడ ఈ పొరపాటు నుండియే పుట్టినది. బీట్‌రూటు ఎరుపునకు, హెమోగ్లోబిన్ ఎరుపునకు సంబంధము లేదు. ఆ దుంపలో ఇనుము స్వల్పము.

రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. జ్వరము వలె రక్తహీనత కూడ ఒక లక్షణమే కాని, దానంతట అదే ఒక రోగము కాదు. ఎర్ర కణము సుమారు 120 దినములు జీవించును. కావున హెమోగ్లోబిన్ తగ్గుటకు మూడు దారులు కలవు. కణములు సరిగా తయారు కాకపోవచ్చును: ఇనుము, ఫోలిక్ ఆమ్లము, విటమిన్ బి12 కొరవడినప్పుడు జరుగునది ఇదియే. తయారైన కణములు అకాలమున నశింపవచ్చును: మలేరియా, సికిల్ సెల్ వ్యాధి, తలసీమియా ఇందుకు ఉదాహరణములు. లేదా రక్తము బయటకు పోవచ్చును: కొంకిపురుగులు, అధిక ఋతుస్రావము, మొలలు ఇట్టివి. ఇన్నింటికిని ఇనుమొక్కటే మందని చెప్పుట, జ్వరములన్నింటికిని ఒకే మాత్ర చాలునని చెప్పుట వంటిది.

ఈ మాట నిజమనుటకు సాక్ష్యము నీలి మాత్రలోనే ఉన్నది. ఇనుము ప్రక్కన ఫోలిక్ ఆమ్లము ఎట్లు చేరినది? 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, అక్కడి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణులలో కనిపించిన తీవ్ర రక్తహీనతను పరిశీలించెను. వారి ఎర్ర కణములు చిన్నవిగా గాక, సహజ ప్రమాణమును మించి పెద్దవిగా నుండెను. ఇది ఇనుము లోపపు లక్షణము కాదు. వారికి ఈస్టు సారము నిచ్చి చూడగా గుణము కనిపించెను. 1931లో ఆమె ఈ ఫలితమును ప్రకటించెను. ఈస్టులోని ఆ అజ్ఞాత పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లముగా తేలినది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను పేగు వ్యాధితో మరణించిరి. ఆ వ్యాధిలో కలుగు రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము మందైనది.

విల్స్ కొంతకాలము కూనూరులో కూడ పరిశోధన సాగించెను. ఆ కూనూరు నుండియే పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. నేరేడ్‌మెట్ నుండి కొద్ది కిలోమీటర్ల దూరమున తార్నాకలో అది నేడును ఉన్నది. "ఇనుముతో నయము కాని రక్తహీనతకు కారణమేమి?" అని ఒకరు ప్రశ్నించుటచేతనే మాత్రలో రెండవ మందు చేరినది. ఆ ప్రశ్నను మరచి మాత్రను మాత్రము పంచుట శాస్త్రమును సగము నేర్పుటయే.

నిర్ధారణలోను ఇట్టి తొందరపాటు కలదు. వ్రేలిని గుచ్చి, చిన్న యంత్రముతో చూచిన ఒక అంకెపైననే తీర్పు చెప్పుట వాడుక. 12 ఏండ్లు నిండిన బాలికలకు, గర్భిణులు కాని స్త్రీలకు 100 మిల్లీలీటర్ల రక్తములో 12 గ్రాముల కంటె హెమోగ్లోబిన్ తగ్గినచో రక్తహీనత అందురు. వ్రేలిని గట్టిగా పిండినను, చుక్క సరిపోకున్నను అంకె మారును. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వ్రేలి రక్తము చూడగా, 6 నుండి 59 నెలల పిల్లలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులని తేలెను. 2016–18లో సిరరక్తము తీసి ప్రయోగశాలలో పరీక్షించిన మరియొక జాతీయ సర్వే, 1 నుండి 4 ఏండ్ల పిల్లలలో 41 మందినే లెక్కించినది. వయోవర్గములు పూర్తిగా ఒకటి కాకపోయినను, ఇంత అంతరమునకు వయసొక్కటే కారణము కాజాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సిరరక్త పరీక్షయే మేలని సిఫారసు చేసినది. 41 అనునదియు చిన్న సంఖ్య కాదు. కావున సమస్య లేదని కాదు, కొలత సరిగా నుండవలెనని దీని భావము.

అంకె తెలిసిన పిమ్మటనైనను పని ముగియదు. కణముల పరిమాణము, ఫెరిటిన్ అను ఇనుప నిల్వ, అవసరమైనచో మల పరీక్ష చూడవలెను. బి12 లోపము గలవారికి ఫోలిక్ ఆమ్లమొక్కటే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనిపించును గాని, నరములకు జరుగు హాని ఆగదు. తలసీమియా వాహకుని చిన్న కణములను ఇనుము లోపమని భ్రమించినచో నష్టము తరువాతి తరమునకు సంక్రమించును. తలిదండ్రులిద్దరును వాహకులైనచో ప్రతి కాన్పులోను బిడ్డకు తీవ్ర వ్యాధి కలుగుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు.

పరిచర్య అనగా మందు మ్రింగించుట మాత్రమే కాదు, గమనించుట. ఇనుము వాడునప్పుడు మలము నల్లబడును, భయపడనక్కరలేదు. కడుపులో వికారమున్నచో భోజనానంతరము ఇయ్యవచ్చును. టీ, కాఫీలు మాత్రకు దూరముగా నుండవలెను. నిమ్మ, ఉసిరి, జామ ఇనుమును శరీరము గ్రహించుటకు తోడ్పడును. హెమోగ్లోబిన్ పెరిగిన వెంటనే మందు మానరాదు. నిల్వలు నిండుటకు మరి కొన్ని నెలలు పట్టును. తల తిరుగువారు హఠాత్తుగా లేవరాదు. కూర్చున్నను ఆయాసము, పాదముల వాపు, గుండెదడ ఉన్నచో వెంటనే ఆసుపత్రికి పంపవలెను.

నీలి మాత్ర మంచిదే. దానిని మానుట పొరపాటు. కాని వెనుక బెంచీలో కునుకు తీయు బాలికను సోమరియని కసరుటకు ముందు ఆమె కనురెప్ప లోపల పాలిపోయినదేమో చూచు ఉపాధ్యాయుడు, కొన్ని నెలలు క్రమముగా మాత్రలు వాడినను మార్పు లేనిచో "ఎందువలన?" అని వైద్యుని అడుగు విద్యార్థిని, ఈ ఇరువురును ఉన్నప్పుడే ఆ మాత్ర పూర్తి ఫలమిచ్చును.