కళింగ బహుమానము, కళింగపట్నపు వార్త

విజ్ఞానమును సామాన్యజనులకు అందించినవారికి ప్రపంచములో ఇచ్చే బహుమానములలో పేరుపడినది యునెస్కోవారి కళింగ బహుమానము. ఒరిస్సాకు చెందిన బిజూ పట్నాయక్ విరాళముతో 1951లో ఇది ఏర్పడినది. మొదటి బహుమానము 1952లో ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞుడు లూయీ డి బ్రోలీకి లభించినది. ఆ కళింగ నామమే శ్రీకాకుళం జిల్లాలో, వంశధార సముద్రములో కలిసేచోట, ఒక చిన్న ఊరికి కూడా ఉన్నది. కళింగపట్నపు రేవులో ఓడల వ్యాపారము ఏనాడో అడుగంటినది. అయినా బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినదంటే చాలును, తెలుగునాట టెలివిజన్ ఉన్న ప్రతి ఇంటిలోను ఆ ఊరి పేరు వినిపిస్తుంది: కళింగపట్నానికి ఇన్ని కిలోమీటర్ల దూరములో, ఫలానా దిక్కున, గంటకు ఇంత వేగముతో.

టెలివిజన్‌లో వచ్చే విజ్ఞాన కార్యక్రమములలో ఏది మంచిది అనే ప్రశ్న నేడు ఉన్నత పాఠశాలలో సామాన్యమైనది. తరగతిగదిలోనికి తెర వచ్చినది. ఉపాధ్యాయునికి దొరికేది వారానికి ఒక పీరియడు. ఏమి చూపవలెను? బహుమానములు పొందినవాటి జాబితా చూచి ఎన్నుకొనడము తేలిక. ఆ జాబితాలో లేనివాటిని గూర్చి అడిగేవారు తక్కువ. రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని విచిత్రమైన విషయములు బయటపడతవి.

మొదట బహుమతులు పొందినవారి సంగతి. కళింగ బహుమానము తొలి సంవత్సరములలో గ్రంథకర్తలకు, పత్రికారచయితలకు వెళ్లినది. 1970 దశాబ్దము చివరికి గాలి టెలివిజన్ వైపు మళ్లినది. 1977లో కెనడా ప్రసారకర్త ఫెర్నాన్ సెగాఁ, 1978లో జర్మనీకి చెందిన హోయ్మర్ ఫాన్ డిట్‌ఫుర్ట్, 1979లో సోవియట్ టెలివిజన్‌లో విజ్ఞానగోష్ఠి నడిపిన సెర్గేయి కపిత్సా, 1981లో ఇంగ్లండుకు చెందిన డేవిడ్ అటెన్‌బరో దానిని అందుకొన్నారు. అమెరికాలో 1980లో ప్రసారమైన కార్ల్ సాగన్ ‘కాస్మాస్’ ఎమ్మీ, పీబడీ బహుమానములు రెండూ గెలుచుకొన్నది. వీరిలో అనర్హులు ఎవరూ లేరు. అటెన్‌బరో 1979లో పదమూడు భాగములుగా నడిపిన ‘లైఫ్ ఆన్ ఎర్త్’ చూచినవారు రువాండా కొండలలో గొరిల్లాల నడుమ ఆయన కూర్చున్న ఘట్టమును మరువలేరు. జీవశాస్త్రమునకు అంతటి రాయబారి మరొకరు దొరకరు.

కాని చూచిన మరునాడు విద్యార్థి చేతిలో ఏమి మిగిలినది? ఆశ్చర్యము మిగిలినది. ఆశ్చర్యము విజ్ఞానానికి గడప, నిజమే. గడపమీదనే కూర్చుండబెట్టి కథ చెప్పడము ఈ చిత్రములలో ఎక్కువకు ఉన్న లోపము. ఇది ఇట్లు ఉన్నది అని చూపుతవి. ఇట్లు ఉన్నదని ఎట్లు తెలిసినదో చూపడము అరుదు. ‘కాస్మాస్’ మొదటి భాగములోనే ఇందుకు మంచి మినహాయింపు ఒకటి ఉన్నది. ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు రెండు ఊళ్లలో కర్రనీడను బట్టి భూమి చుట్టుకొలతను లెక్కించిన తీరును సాగన్ ఒక అట్టముక్కమీద రెండు పుల్లలు నిలిపి చూపుతాడు. అది పిల్లవాడు తిరిగి చేసి చూడగల పని. ఆ ఒక్క ఘట్టమునకు, తక్కిన భాగములలోని అంతరిక్షనౌక విహారము అంతటినీ ఇచ్చివేయవచ్చును.

‘కాస్మాస్’కు కంప్యూటరుపై కదిలే బొమ్మలు గీసినవారిలో జిమ్ బ్లిన్ అనే నిపుణుడు ఒకడు. కొన్ని సంవత్సరముల తరువాత ఆయనే కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థవారి ‘మెకానికల్ యూనివర్స్’ అనే పాఠపరంపరకు బొమ్మలు గీసినాడు. అరగంటవి యాభైరెండు పాఠములు. కళాశాల మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రము. అందులో సమీకరణములోని అక్షరములు తెరమీద నడచి ఒక పక్కనుండి మరియొక పక్కకు వెళ్లడము కండ్లారా చూడవచ్చును. విద్యారంగములో దీనికి గౌరవములు దక్కినవి. వీధిలో మాత్రము పేరు రాలేదు. ఒకే చేయి గీసిన బొమ్మలలో నక్షత్రమండలములు ఇంటింటికి వెళ్లినవి, న్యూటన్ సూత్రములు తరగతిగదిలోనే ఆగిపోయినవి.

మన దేశములో సంగతి కొంత వేరు. 1990 దశాబ్దములో దూరదర్శన్‌లో ‘టర్నింగ్ పాయింట్’ వచ్చినది. ప్రేక్షకులు ఉత్తరములలో పంపిన ప్రశ్నలకు ఆచార్య యశ్‌పాల్ జవాబులు చెప్పేవారు. తెలియనిదానిని తెలియదని చెప్పడము ఆయనకు చిన్నతనముగా తోచేది కాదు. 2009లో కళింగ బహుమానము ఆయనను వెదకికొంటూ వచ్చినది గనుక న్యాయనిర్ణేతలు ఎప్పుడూ పొరబడతారని అనరాదు. తెలుగులో అంతకు సరితూగేది ఈటీవీలో ఏళ్లతరబడి ఉదయవేళ వచ్చిన ‘అన్నదాత’. ఎరువు మోతాదు, తెగులు లక్షణము, విత్తనశుద్ధి అన్నీ అంకెలతో సహా చెప్పిన ఆ కార్యక్రమమును విజ్ఞాన కార్యక్రమమని పిలిచినవారు ఎందరు? వ్యవసాయమనే పేరు పెట్టి పక్కన ఉంచినారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సినిమాలతోబాటు టెలివిజన్‌కు కూడా నంది బహుమానములు ఇచ్చిన రోజులలో పోటీకి ముఖ్యముగా వెళ్లినవి ధారావాహికములు, టెలీఫిల్ములు, డాక్యుమెంటరీలు, అనగా ఆదియు అంతము ఉన్న చిత్రములు. ప్రతి ఉదయము కొంచెము కొంచెము చెప్పేదానిని ఏ గంటలో కూర్చుండి తూచగలరు?

అదే చిక్కు వాతావరణ వార్తకు మరింతగా ఉన్నది. అమెరికాలో ప్రాంతీయ ఎమ్మీలలో వాతావరణ వ్యాఖ్యాతలకు ఒక విభాగము ఉన్నమాట నిజము. అది వ్యాఖ్యాత నేర్పునకు ఇచ్చే మెప్పు. వార్తలోని విజ్ఞానమును తూచినవారు కానరారు. అయినను టెలివిజన్‌లో వచ్చేవాటిలో, రేపు జరగబోయేదానిని ఈనాడే అంకెలతో చెప్పి, తప్పో ఒప్పో ఎల్లుండికి ప్రేక్షకుడే తేల్చుకొనేందుకు వీలిచ్చేది ఇది తప్ప మరేమున్నది? విజ్ఞానలక్షణము అదే గదా. విశాఖపట్నములోని తుఫాను హెచ్చరికల కేంద్రము పంపిన నాలుగు వాక్యములలో కేంద్రస్థానము, దూరము, దిశ, వేగము, గాలి బలము, తీరము దాటే చోటు, వేళ ఇమిడి ఉంటవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నము వద్ద తీరము దాటినది; అక్కడికే రానున్నదని ముందుగానే చెప్పియున్నారు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ కళింగపట్నానికి ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్ల దూరములో దాటినది.

ఇందులో ప్రాణముల లెక్క కూడా ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినపుడు పదివేలమంది దాకా మరణించినట్లు లెక్క. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పురము వద్ద దాటినపుడు దాదాపు పది లక్షలమందిని ముందుగా తరలించినారు. మృతుల సంఖ్య పదులలో నిలిచిపోయినది. రెండు తుఫానులకూ తీరము వేరు, లోతు వేరు, కాలము వేరు గనుక మొత్తము ఘనత హెచ్చరికదేనని చెప్పరాదు. ఎక్కువ భాగము దానిదే.

ఇట్లని వాతావరణ వార్తకు కిరీటము పెట్టవలసిన పనిలేదు. ముడిసరుకు మేలైనదే, టెలివిజన్‌వారి వంటలో చాలవరకు చెడిపోతున్నది.

మొదటి ఉదాహరణ, రేవు హెచ్చరికల సంఖ్యలు. కళింగపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేసినారని చదివి ముందుకు పోతారు. ఆ సంఖ్యలు 1 నుండి 11 వరకు ఉన్నవి. 1, 2 దూరమున ఉన్న తుఫానును గూర్చినవి. 3, 4 రేవుకు తగులగల ఈదురుగాలిని, తుఫానును గూర్చినవి. 5, 6, 7 ప్రమాద సూచికలు. 8, 9, 10 మహాప్రమాద సూచికలు. 11 అంటే హెచ్చరికల కేంద్రముతో సంబంధములు తెగిపోయినవని అర్థము. సామాన్య ప్రేక్షకుడు ఇవి పరీక్ష మార్కులవంటివని, 8 కంటె 9, 9 కంటె 10 పెద్ద ఆపద అని తలుస్తాడు. నిజానికి 8, 9, 10 మూడింటిలోను ఆపద తరగతి ఒక్కటే. తుఫాను దారికి రేవు ఎడమవైపున పడితే 8, కుడివైపున పడితే 9, నడినెత్తిమీదుగానో అతి చేరువగానో పోతే 10. అట్లే 5, 6, 7.

ఎడమ కుడి అనే భేదమునకు అంత ప్రాముఖ్యము ఎందుకు? ఉత్తరార్ధగోళములో తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. సముద్రమునుండి పడమరగా వచ్చే తుఫానుకు కుడివైపు, అనగా ఉత్తరపువైపు, గాలి సముద్రమునుండి నేలమీదికి వీస్తుంది. నీటిని తోసుకొని వస్తుంది. ఉప్పెన భయము అక్కడ ఎక్కువ. ఎడమవైపు గాలి నేలనుండి సముద్రము మీదికి పోతుంది. హుద్‌హుద్ విశాఖ వద్ద దాటినపుడు, నూరు కిలోమీటర్లకు పైగా ఈశాన్యమున ఉన్న కళింగపట్నము దాని కుడివైపున ఉన్నది. గులాబ్ ఊరికి ఉత్తరముగా దాటినది గనుక, అంత చేరువగా వచ్చినా ఊరు ఎడమవైపున పడినది. ఒకే ఊరు, రెండు తుఫానులు, గాలి రెండు ఎదురు దిక్కులనుండి. ఇంతకు మించిన భౌగోళిక పాఠము ఏ బహుమాన చిత్రములో ఉన్నది? ఒక బల్లమీద బాణపుగుర్తులు గీసి అరనిమిషములో చెప్పవచ్చును. ఆ అరనిమిషమును, గాలిలో గొడుగు ఎగిరిపోతుండగా అరిచే విలేకరికి ఇస్తున్నారు.

రెండవది మాటల సంగతి. వాతావరణ శాఖవారు తీవ్ర తుఫాను అన్నపుడు ఆ తీవ్ర అనేది వర్ణన కాదు, కొలత. గాలి గంటకు 62 నుండి 88 కిలోమీటర్లయితే తుఫాను; 89 నుండి 117 వరకు తీవ్ర తుఫాను; 118 నుండి 166 వరకు అతితీవ్ర తుఫాను. తెరమీద వీటి పక్కనే భీకరము, ప్రళయము, విలయతాండవము వచ్చి చేరుతవి. కొలతమాటకు ఉత్తమాటకు తేడా చెరిగిపోతున్నది. గులాబ్ తుఫాను తరగతినే దాటలేదు. ఆనాటి తెరను బట్టి చూస్తే ఆ సంగతి తెలియడము కష్టము.

మూడవది అన్నిటికంటె బరువైనది. కార్యక్రమము తీరము దాటడముతో ముగిసిపోవడము. నాటకములో పతాకసన్నివేశము అయిన వెంటనే తెర దించినట్లు, కన్ను నేలను తాకగానే కథ అయిపోయినదని తలుస్తారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడితోటలు నేలకు ఒరిగినవి. ఆ తరువాత లోపలి కొండలలో కురిసిన వానకు ఒరిస్సాలోని గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎందరో మరణించినారు. వాతావరణ శాఖవారి హెచ్చరికలలో తీరము దాటిన తరువాతి దశకు ప్రత్యేకముగా ఒక ప్రకటన ఉన్నది. మూల కర్త వ్రాసిన ఆ అంకమును ప్రదర్శకులు కోసివేసినారన్నమాట.

ఇన్ని లోపములున్నా, తరగతిగదిలో చూపవలసినది ఏది అనే ప్రశ్నకు జవాబు ఈ వార్తవైపే మొగ్గుతుంది. తుఫాను గోపాల్‌పురానికి 200 కిలోమీటర్లు, కళింగపట్నానికి 250 కిలోమీటర్ల దూరములో ఉన్నదని చెప్పినారనుకొందాము. ఈ రెండు ఊళ్ల మధ్య దూరము సుమారు 130 కిలోమీటర్లు. తొమ్మిదవ తరగతి విద్యార్థి పటముమీద వృత్తలేఖినితో రెండు వృత్తములు గీస్తే అవి రెండు బిందువులలో ఖండించుకొంటవి. ఒకటి నేలమీద, ఒకటి సముద్రములో. తుఫాను ఏ బిందువువద్ద ఉన్నదో చెప్పడానికి సముద్రము చూచిన కన్ను ఉంటే చాలును. మూడు గంటల తరువాత వచ్చే ప్రకటనతో మరొక బిందువు, ఆపైన మరొకటి. వాటిని కలిపితే దారి, దూరమును గంటలతో భాగిస్తే వేగము. తీరము చేరే వేళ తానే లెక్కకట్టి, విశాఖవారి లెక్కతో సరిచూచుకోవచ్చును. రెండూ కలియకపోతే మరీ మంచిది. తుఫాను దారి వంగినదో, నెమ్మదించినదో వెదకవలసి వస్తుంది. రాబోయే దారిని చూపే పటములో శంకువువలె వెడల్పవుతూ పోయే నీడ తుఫాను పరిమాణము కాదని, కేంద్రము ఎటు పోతుందో తెలియని అనిశ్చయమని అప్పుడు విద్యార్థికి ఒకరు చెప్పనక్కరలేదు. అటెన్‌బరో చిత్రమును నిలిపివేయమని కాదు. అది సెలవులలో చూచినా నష్టము లేదు. వాయుగుండము సెలవులకు ఆగదు.

శాఖవారి మూల ప్రకటనలో అక్షాంశ రేఖాంశములు ఉంటవి. కళింగపట్నము ఇంచుమించు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 84.1 డిగ్రీల తూర్పు రేఖాంశము వద్ద ఉన్నది. అక్షాంశములో ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. ఈ అంకెలుంటే వృత్తములు కూడా అక్కరలేదు. కాని టెలివిజన్‌వారు సాధారణముగా వాటిని కత్తిరించి దూరమును మాత్రమే చదువుతారు. ఒకవేళ చూపినా, కన్ను నిలిచేలోపలనే మాయమవుతవి. తెర అడుగున అవి మరొక పది సెకండ్లు నిలిపితే చాలును. నోటుపుస్తకములో వ్రాసుకొనడానికి విద్యార్థికి అంత వ్యవధి కావలెను.